టమాటా మొక్కలో దొంగచీటీ

పిల్లలూ, మీ పెరట్లో టమాటా మొక్కలుంటే ఆకులను ఒకసారి పరకాయించి చూడండి. లేతపచ్చ, ముదురుపచ్చ మచ్చలతో కొన్ని గళ్ళగుడ్డలాగా కనిపించవచ్చు. ఇది మొజాయిక్ తెగులు. దీనిని తెచ్చే వైరస్‌లలో ఒకటి మొదట పొగాకులో బయటపడింది. పొగాకూ టమాటా ఒకే కుటుంబపు మొక్కలు కదా! చుట్ట చుట్టిన చేతులతోనే టమాటా కొమ్మలు తుంచితే తెగులు అంటుకోవచ్చు. ఎండిన పొగాకులో సైతం ఈ వైరస్ ఏళ్ళ తరబడి చెడకుండా ఉంటుంది.

దాని ఆకారం చిన్న కడ్డీ. మూడువేలకు పైగా కడ్డీలను కొసకు కొస ఆనించి పేర్చితేగాని ఒక మిల్లీమీటరు కాదు. పైన మాంసకృత్తుల తొడుగు, లోపల ఆర్.ఎన్.ఎ. అనే దారం, అంతే.

మొక్క కణానికి చుట్టూ గట్టి గోడ ఉన్నది. దానిని వైరస్ పగలగొట్టలేదు. ఆకుమీది నూగు విరిగినప్పుడు ఆ గాయంలోనుంచి దూరుతుంది. లోపలికి పోగానే తొడుగు ఊడుతుంది.

పెళ్ళివంటశాలలో ఇంటాయన పంపిన చీటీ చూసి వంటవాళ్ళు వండుతారు. ఎవడో దొంగ తన చీటీని కూడా అందులో కలిపాడనుకోండి, వాళ్ళకేం తెలుసు? అదీ వండేస్తారు! కణంలో వంటవాళ్ళు రైబోజోములు, దొంగచీటీ ఆ ఆర్.ఎన్.ఎ. చీటీకి నకళ్ళు రాసే గుమాస్తాను కణమే తయారుచేస్తుంది. తొడుగులూ అదే చేస్తుంది. ఒక్కొక్క కడ్డీకి సుమారు 2,130 తొడుగుముక్కలు కావాలి మరి! సరుకంతా కణానిదే.

కణానికీ కణానికీ నడుమ గోడలో సన్నని దారులున్నాయి. వాటిని వెడల్పు చేసే మాంసకృత్తు కూడా ఆ చీటీలోనే రాసి ఉంటుంది. అట్లా వైరస్ ఒక కణంనుంచి మరొక కణానికి పాకి, ఆహారం మోసే నాళాలలో పడి, చిగురును చేరుతుంది. హరితరేణువులు దెబ్బతిని ఆకు పాలిపోతుంది, కాపు తగ్గుతుంది. పట్టిన తరువాత దీనికి మందు లేదు. మొక్కను పీకివేయవలసిందే. కాపు అమ్మి అప్పు తీర్చుకోవలసిన రైతుకు ఇది చిన్న సంగతి కాదు.

1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ జబ్బు ఆకుల రసాన్ని బాక్టీరియాలు దాటలేని వడపోతలో వడకట్టాడు. అయినా రోగం అంటుకున్నది! 1935లో అమెరికాలో స్టాన్లీ దీనిని స్ఫటికాలుగా తీశాడు. పలుకులుగా సీసాలో పడిఉండే వస్తువు ఆకుమీద రుద్దితే మళ్ళీ పెరుగుతుంది. దీనికి ప్రాణం ఉన్నదనాలా, లేదనాలా? తరగతిలో ఈ ప్రశ్న వేస్తే గంట కొట్టినా వాదన ఆగేది కాదు.

నారు ముట్టేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. కొందరు తోటమాలులు చేతులను పాలలో ముంచుకుంటారు. పాలలోని మాంసకృత్తులు వైరస్‌ను అంత సులభంగా అంటనివ్వవు.

అన్నట్టు, ఆ ముదురుపచ్చ మచ్చల మాట మరిచాను. వాటిలో వైరస్ చాలా తక్కువ. అక్కడి కణాలు దొంగచీటీని పసిగట్టి ముక్కలు ముక్కలుగా కత్తిరించివేస్తున్నాయి.