ఒక్క ఊపు చాలదు

ఇంగ్లండులో ఏ-లెవెల్ ఫిజిక్స్‌లో చేత్తో చేసిన ప్రయోగాల మార్కులు గ్రేడులో కలవవు. పాసా కాదా అని విడిగా రాస్తారు, అంతే. ఇది తప్పు అంటాను.

గుడిలో ప్రసాదం పంచాక పిల్లలకు మీటరు దారానికి తాళంచెవి కట్టి ఇచ్చాను. లోలకం సూత్రం అందరికీ నోటికి వచ్చు. కానీ అందరూ ఒక్క ఊపుకే టైము చూశారు. ఒకరికి 1.7 సెకన్లు, ఇంకొకరికి 2.3. ఇరవై ఊపులు లెక్కపెట్టమన్నాను. దాదాపు 40 సెకన్లు వచ్చింది. ఇరవైతో భాగిస్తే 2. వాచీ నొక్కడంలో పొరపాటు కూడా ఇరవయ్యో వంతు అయింది.

ఈ తెలివి సూత్రంలో లేదు, చేతిలో ఉంది. టీచర్లు తమ పిల్లలకు ఎక్కువ వేస్తారని భయమా? బయటివాళ్లను పిలిచి వేయించండి. చేతికీ మార్కులు ఇవ్వండి.

మన తెలుగూ అంతే కదా! మాట్లాడితేనే వస్తుంది.