ఆ సెల్యూట్ మనది కాదు

రెండేళ్ల కిందట జనవరి 26న దిగువ అహోబిలంలో నేను నేతాజీని. మా చుట్టాల పిల్లలు చదివే బడివాళ్లు స్వాతంత్ర్య వీరుల వేషాలతో ఊరేగింపు పెట్టారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, అల్లూరి, ఝాన్సీ లక్ష్మీబాయి కుదిరారు గానీ, కళ్లద్దాలూ కాస్త బొద్దుతనమూ ఉన్న నేతాజీ దొరకలేదట. నేను దొరికాను. ఖాకీ డ్రెస్సు, టోపీ, బూట్లు అద్దెకి తెచ్చారు.

ఊరేగింపు అయ్యాక అదే డ్రెస్సులో టీ కొట్టుకి వెళ్లాను. బెంచీ మీద కూర్చున్న ఓ పెద్దాయన నన్ను చూసి లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి తలకి చుట్టుకున్నాడు. మడమలు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టాడు. చెయ్యి దించలేదు, నా వైపే చూస్తూ నిలబడ్డాడు. నేను సినిమాలో ఆఫీసర్‌లాగా గడ్డం పైకెత్తి తిరిగి సెల్యూట్ కొట్టాను. అప్పుడు దించాడు. మా బామ్మర్ది వీడియో తీసి స్టేటస్ పెట్టాడు. చూసినవాళ్లందరికీ గూస్‌బంప్సే.

పెద్దాయన వెళ్లాక టీ కొట్టతను చెప్పాడు: "ఆయప్ప మిలిట్రీలో సుబేదారు చేసి వచ్చినాడు సార్."

తర్వాత తెలుసుకున్నవి రెండు. ఒకటి, మన సైన్యంలో ఉత్త తలతో సెల్యూట్ చేసే ఆనవాయితీ లేదు. తువ్వాలు అందుకే. రెండు, చిన్న ర్యాంకువాడు ముందు చెయ్యెత్తుతాడు, పెద్ద ర్యాంకువాడు బదులిచ్చేదాకా దించడు. అంటే బదులివ్వడమంటే "నేను నీ పైవాణ్ణి" అని ఒప్పుకోవడం. ఆ పెద్దరికం మనిషిది కాదు, రాష్ట్రపతి ఇచ్చిన కమిషన్‌ది. నా దగ్గరున్నది అద్దె రసీదు.

ఈ మాటంటే ఫ్రెండ్స్ కొట్టిపారేశారు. "ఆయన కొట్టింది నేతాజీకిరా, నీకు కాదు." నేనూ అదే అంటున్నాను. నాది కాని సెల్యూట్‌కి నా చెయ్యెందుకు లేచింది? స్టేజీకి ఒక అంచు ఉంటుంది. అంచుకి అవతలున్నది నాటకమని ఇద్దరికీ తెలుసు. టీ కొట్టు దగ్గర ఆ అంచు లేదు. మా భాషలో చెప్పాలంటే, టెస్ట్ అకౌంట్‌తో ప్రొడక్షన్‌లోకి దూరాను.

"చట్టం ఒప్పుకుంటుంది కదా" అనేవాళ్లూ ఉన్నారు. భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ తప్పు పట్టేది సైనికుడని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకున్నవాణ్ణి. నాకు ఆ ఉద్దేశం లేదు కాబట్టి నేరం లేదు. కానీ నేరం కానిదంతా మర్యాద అయిపోదు.

ఇంకో తమాషా. ఆ ఊరేగింపులో మా నరసింహారెడ్డి కూడా దారి పొడవునా సెల్యూట్లు అందుకున్నాడు. అసలు నరసింహారెడ్డి 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డవాడు. 1847 ఫిబ్రవరి 22న కంపెనీ ఆయన్ని కోవెలకుంట్లలోనే ఉరి తీసి, 1877 దాకా తలని జనం చూసేలా ఉంచింది. ఆయన వెంట నడిచినవాళ్లు బోయలు, చెంచులు. ఆ కథలో యూనిఫాం వేసుకుని సెల్యూట్లు కొట్టింది కంపెనీ సిపాయిలు. గౌరవమనుకుని ఆయనకి మనం తగిలిస్తున్నది ఉరితీసినవాళ్ల అలవాటు.

వేషానికి మర్యాద ఏమిటో మనకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. పిట్టలదొరని చూడండి. ఖాకీ నిక్కరు, దొరటోపీ, కట్టె తుపాకీ. కోతలు కోటలు దాటతాయి గానీ, సలాం మాత్రం ఆయనే ముందు మనకి కొడతాడు. నిజం సిపాయి ఎదురుపడ్డా ఎవరి పరువూ పోదు.

అహోబిలంలో ఇంకా పెద్ద పాఠం ఉంది. సంక్రాంతి వెళ్లగానే స్వామి పరువేటకి బయల్దేరి నలభై రోజులకి పైగా చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. నేను నేతాజీనై ఊరేగిన రోజు కూడా ఆయన ఏదో ఊళ్లోనే ఉండుంటాడు. పల్లకి వస్తే జనం దండాలు పెడతారు. ఆ దండాలు పల్లకి మోసే బోయీల ముఖం మీదే పడతాయి. ఒక్క బోయీ అయినా చెయ్యెత్తి దీవించడం చూశారా? దండం ఎవరికో అతనికి తెలుసు. భుజం మార్చుకుని నడుస్తాడు.

వేషం వేసుకున్నవాడూ బోయీనే.

మరి పెద్దాయన చెయ్యెత్తి నిలబడితే చూడనట్టు పోవాలా? అది ఇంకా పెద్ద అవమానం. నా ప్రతిపాదన చిన్నది. టోపీ తియ్యండి. ఉత్త తలతో సెల్యూట్ లేదన్నది ఆయన భాషే, ఆయనకి వెంటనే అర్థమవుతుంది. రెండు చేతులూ జోడించి "జై హింద్" అనండి. ఆజాద్ హింద్ ఫౌజులో పలకరింపు అదే, నేటి సైన్యంలోనూ అదే. ఆ తర్వాత మీ పేరు చెప్పి, "వేషం వేసినా సార్, మీరు కూర్చోండి" అనండి. పట్టేది పది సెకన్లు. వీడియో బాగా రాదు, అంతే.

వేషాలు వద్దని నేననడం లేదు. వచ్చే జనవరిలో పిలిస్తే మళ్లీ వేస్తాను. ఊరేగింపు అయ్యాక ముందు డ్రెస్సు మార్చుకుని టీకి వెళ్తాను. ఆ పెద్దాయన బెంచీ మీద ఉంటే, ముందు లేచి నిలబడాల్సింది నేను.