ఖాళీ ఇంట్లో నాలుగు రోజుల పని

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. అద్దె ఇంటి దగ్గరికి వచ్చేసరికి జనం చూసేది యజమానిని! తలుపు తీయగానే ముక్కుపుటాలకు తగిలే చెమ్మ వాసన, స్విచ్‌బోర్డుల చుట్టూ నల్లటి మరకలు, సింకు కింద పరుగులు తీసే బొద్దింకలు... వీటిని చూశాక అద్దె ఎంతో అడక్కుండానే వెనుదిరిగే కుటుంబాలున్నాయి. టులెట్‌ బోర్డు మాత్రం నెలల తరబడి గేటుకు వేలాడుతూనే ఉంటుంది.

బ్యాంకు అప్పు తీసుకుని, నెలనెలా వాయిదాలు కట్టుకుంటూ రెండో ఫ్లాట్‌ కొన్నవాళ్లకు ఒక్క నెల ఖాళీ అన్నా భారమే. అందుకే పాతవాళ్లు సామాన్లు దింపిన మర్నాడే కొత్తవాళ్లకు తాళాలు ఇచ్చేస్తుంటారు. యజమాని అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే ఆ పనీ వాచ్‌మనే చక్కబెడతాడు. చీపురుతో ఊడ్చి, ఓ బకెట్‌ ఫినాయిల్‌ నీళ్లు చల్లితే సరి! కానీ ఇంటి గోడలన్నీ, మూలలన్నీ యజమాని కంటికి కనిపించేది ఆ ఖాళీ రోజుల్లోనే. ఆ తర్వాత బీరువాలు, మంచాలు అడ్డొస్తాయి. శుభ్రం చేయించడమంటే ఇంటిని పరీక్ష చేయించడమే.

ముందు మరమ్మతు... తర్వాతే రంగు

చాలామంది వరస తప్పుతారు. ముందు ఇల్లంతా కడిగించి, తర్వాత రంగులు వేయిస్తారు. నేలమీద పడ్డ చుక్కలు గీకడానికి మళ్లీ కూలి! ముందుగా కారే పైపులు, పగిలిన టైల్సు బాగుచేయించాలి. గోడకు చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపించాలి. అది పూర్తిగా ఆరాకే రంగు. లేదంటే వానాకాలం వచ్చేసరికి పెచ్చులు ఊడిపోతాయి. తలుపు చట్రాల వెంట సన్నటి మట్టి గీతలు కనిపిస్తే అది చెదలే కావచ్చు. పైన రంగు పూస్తే చెదలు పోవు. మందు కొట్టించాల్సిందే.

ఆ తర్వాత పైనుంచి కిందికి రావాలి. బూజు, ఫ్యాన్లు, అటకలు, కిటికీల దోమతెరలు, అల్మారాలు. అన్నీ అయ్యాక చివర్లో నేల.

వంటిల్లు, బాత్‌రూమ్‌

కొత్తగా దిగేవాళ్లు ముందు పాలు పొంగించేది వంటింట్లోనే. గట్టు మీద, గోడ టైల్సు మీద పేరుకున్న నూనె జిడ్డు చల్లనీళ్లకు వదలదు. వేడినీళ్లలో వంటసోడా, గిన్నెల సబ్బు కలిపి కాసేపు ఉంచి రుద్దాలి. చిమ్నీ జాలీలకూ ఇదే వైద్యం. అల్మారా అరల్లో పరిచిన పాత కాగితాలు తీసేస్తేనే బొద్దింకల గుడ్లు పోతాయి.

బోరునీళ్లు వాడే ఇళ్లలో కుళాయిలు, షవర్ల మీద తెల్లటి పొర కడుతుంది. అది నీళ్లలోని కాల్షియం. వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో తడిపిన గుడ్డను అరగంట చుట్టి ఉంచితే మెత్తబడుతుంది. పాలరాతి నేల మీద మాత్రం ఇవేవీ పడకూడదు. పులుపు తగిలితే రాతి మెరుపు పోతుంది, మళ్లీ పాలిష్‌ పట్టించాల్సి వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. బ్లీచింగ్‌ పౌడరు, టాయిలెట్‌ కడిగే యాసిడ్‌ ఎప్పుడూ కలపకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్‌ వాయువు వస్తుంది. గాలాడని బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. పనివాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి. చేతులకు తొడుగులు ఇవ్వాలి, తలుపు తెరిచి ఉంచమనాలి.

ఇల్లు కొన్నాళ్లు మూతపడితే నేల జాలీల కింద నిలిచి ఉండే నీరు ఆరిపోతుంది. మురుగు వాసన, బొద్దింకలు పైకొచ్చేది ఆ దారినే. ఒక్కో జాలీలో ఓ చెంబుడు నీళ్లు పోస్తే చాలు!

కంటికి కనిపించని శుభ్రత

కరెంటు బోర్డులో షాక్‌ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ ఉంటే దాని టెస్ట్‌ బటన్‌ నొక్కి చూడాలి. కరెంటు వెంటనే ఆగిపోవాలి. ఆగకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే. గీజర్‌ కూడా ఓసారి చూపించడం మంచిది. పాత తాళంచెవులు ఎన్ని చేతులు మారాయో ఎవరికి తెలుసు? వీధి తలుపు తాళం మారిస్తే కొత్తవాళ్లు నిశ్చింతగా నిద్రపోతారు.

అడ్వాన్సు దగ్గరే గొడవ

ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం చాలాచోట్ల ఆనవాయితీ. ఆ డబ్బు పట్టుకుని, రంగు వేయించకుండానే తర్వాతివాళ్లకు ఇల్లు ఇచ్చే యజమానులూ ఉన్నారు. కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం గోడలకు వెల్ల, తలుపులు, కిటికీలకు రంగు యజమాని బాధ్యతగానే చెప్పింది. కాలువలు శుభ్రం చేసుకోవడం, స్విచ్చులు, సాకెట్ల మరమ్మతు వంటివి అద్దెకున్నవాళ్ల వంతు. వేరే ఒప్పందం ఉంటే అది వేరు. రాష్ట్రాలు తమ చట్టాల్లోకి తెచ్చుకుంటేనే ఈ నమూనా అమలవుతుంది. అయినా ఒప్పందం రాసుకునేటప్పుడు ఎవరి ఖర్చు ఎవరిదో తేల్చుకోవడానికి మంచి ఆధారమే.

మరి యజమానికి ఖర్చు కదా అంటారా? మునిసిపల్‌ పన్ను పోగా మిగిలిన అద్దె ఆదాయంలో 30 శాతానికి ఆదాయపు పన్ను లెక్కలో మినహాయింపు ఉంది. మరమ్మతులు చేయించినా, మానుకున్నా అది దక్కుతుంది. అందులో కొంతైనా ఇంటికి పెట్టడం న్యాయం.

ఆషాఢంలో చాలామంది ఇల్లు మారరు. ఆ సమయంలో ఖాళీ అయిన ఇంటికి ఈ పనులన్నీ తీరిగ్గా చేయించవచ్చు.

అంతా అయ్యాక ప్రతి గదినీ ఫోన్‌లో ఫొటోలు తీసి, కరెంటు మీటరు రీడింగుతో సహా కొత్తవాళ్లకు పంపాలి. ఫ్యాన్లు, లైట్లు, గీజర్‌, తాళంచెవులు ఎన్నో రెండు కాగితాల మీద రాసి, ఇద్దరూ సంతకాలు చేసి చెరొకటి ఉంచుకోవాలి. ఇల్లు ఎలా ఇచ్చారో కాగితం మీద ఉంటే, ఎలా తిరిగి ఇవ్వాలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.