సైకిలువాడికీ రోడ్డుంది

ఒకప్పుడు మన ఊళ్ళలో సైకిలుకు బిళ్ళ వుండేది. ఏడాదికోసారి మునిసిపాలిటీకి పన్ను కట్టి, ఆ బిళ్ళ తెచ్చి హేండిలుకు తగిలించుకునేవారు. బిళ్ళ లేకపోతే చెకింగుకు వచ్చినవాడు పట్టుకునేవాడు. చీకటి పడ్డాక దీపం లేకపోతే పోలీసువాడు ఆపేవాడు. వెనకాల ఇంకో మనిషిని ఎక్కించుకుంటే డబుల్సు అని కేసు రాసేవారు. ఇన్ని తిప్పలున్నా ఒక గౌరవం మాత్రం వుండేది. సైకిలు కూడా రోడ్డు మీద ఒక బండేనని ఊరంతా ఒప్పుకునేది.

ఇప్పుడా బిళ్ళా లేదు, పన్నూ లేదు. వాటితోపాటు హక్కు కూడా పోయిందని చాలామంది అనుకుంటున్నారు. కార్లలో తిరిగేవాళ్ళు అలా అనుకుంటే ఆశ్చర్యం లేదు. సైకిలు తొక్కేవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు కూడా అలాగే అనుకోవడమే విచారకరం.

గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి ఆమధ్య నాకు వుత్తరం రాసింది. ఆమె భర్త బట్టల కొట్లో గుమాస్తా. వయసు ముప్ఫయ్యెనిమిది. నెలకు పదిహేను వేలు జీతం. రాత్రి కొట్టు కట్టేసి సైకిలు మీద ఇంటికి వస్తుంటే వెనకనించి కారు వచ్చి కొట్టింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఆసుపత్రిలో "ఏం జరిగింది?" అని అడిగితే, పోలీసు గొడవ మనకెందుకని ఆమె మరిది "సైకిలు మీంచి జారిపడ్డాడండీ" అన్నాడట. అక్కడ అదే రాసుకున్నారు. మూడోనాడు కారు తాలూకు మనిషి ఇరవై వేల రూపాయలు, ఒక స్టాంపు కాగితం పట్టుకుని వచ్చాడు. సంతకం పెడితే డబ్బు ఇస్తానన్నాడు.

"వాళ్ళ కారుకు నంబరుంది, లైసెన్సుంది, ఇన్సూరెన్సుంది. మా సైకిలుకు ఏముందండీ? మాకేం హక్కుంటుంది? పుచ్చుకుని వూరుకోమని అందరూ అంటున్నారు. మీరేమంటారు?" అని అడిగింది.

సంతకం పెట్టవద్దని ఆ రోజే జాబు రాశాను. ఎందుకు వద్దన్నానో మిగతా కుటుంబాలకు కూడా తెలియాలి గనుక ఈ వారం అదే రాస్తున్నాను.

మొదటి సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం మామూలు సైకిలు మోటారు బండి కాదు. అంచేత దానికి లైసెన్సు, నంబరు, ఇన్సూరెన్సు అక్కర్లేదు. అక్కర్లేని కాగితం లేకపోవడం నేరం కాదు గదా! ఇక కారుకున్న ఇన్సూరెన్సు సంగతి. ప్రతి మోటారు బండికీ కనీసం ఒక ఇన్సూరెన్సు వుండి తీరాలని ఆ చట్టమే శాసించింది. అది బండి యజమాని సొట్టలు బాగుచేయించుకోవడానికి పెట్టింది కాదు. ఆ బండివల్ల రోడ్డు మీద దెబ్బతిన్న పరాయివాడికోసం పెట్టింది. నడిచేవాడు, సైకిలు తొక్కేవాడు ఆ పరాయివాళ్ళే. అంటే, అమ్మా, ఆ కారు యజమాని ఏటేటా కడుతూ వచ్చిన ఆ సొమ్ము మీ ఆయనలాంటి వాళ్ళకోసమే. మీరు అడగబోయేది దానధర్మం కాదు.

రెండో సంగతి, ఆసుపత్రిలో చెప్పే మొదటి మాట. మన ఇళ్ళలో దీని విలువ ఎవరికీ తెలియదు. "జారిపడ్డాడు" అని ఒక్క మాట కేసుషీటులో పడితే, ఏడాది తర్వాత ఇన్సూరెన్సు కంపెనీ వకీలు ఆ కాగితమే పట్టుకుని లేస్తాడు. "అసలు కారే తగలలేదు, మీ కాగితమే చెబుతోంది" అంటాడు. అందుచేత బండి కొట్టి వుంటే బండి కొట్టిందనే చెప్పాలి. ఆసుపత్రివారు మెడికో లీగల్ కేసుగా రాసుకుంటారు. రాసుకోనివ్వండి. పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆపడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

డబ్బు భయం వుంటుంది, నిజమే. 2025 మే 5 నుంచి కేంద్రప్రభుత్వ పథకం ఒకటి అమలులోకి వచ్చింది. మోటారు బండివల్ల రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి, ప్రమాదం జరిగిన రోజునుంచి ఏడు రోజులదాకా, లక్షన్నర రూపాయల వరకు, ప్రభుత్వం ఎంచిన ఆసుపత్రులలో రొక్కం అడగకుండా వైద్యం చెయ్యాలి. అడిగితే గాని చెప్పేవారుండరు. కాబట్టి అడగండి. దారిన పోయేవారు ఎవరైనా గాయపడిన మనిషిని తెచ్చి చేర్పిస్తే వాళ్ళను సాక్ష్యానికి రమ్మని బలవంతపెట్టకూడదు, పేరు చెప్పమని కూడా ఒత్తిడి చెయ్యకూడదు. 2019లో చట్టంలోనే ఈ రక్షణ చేర్చారు. మీరు దారిన పోయేవారైన రోజున ఇది గుర్తుంచుకోండి.

మరి మా సోదరి ఇంట్లో తప్పు మాట అప్పటికే పడిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి? పాత మాట చెరిపెయ్యమని డాక్టరును అడగకూడదు. అది ఇంకా చేటు. జరిగింది జరిగినట్టు, ముందు అలా ఎందుకు చెప్పవలసి వచ్చిందో కూడా రాసి, ఆ కాగితాన్ని తేదీతో కేసుషీటులో చేర్చమని అడగాలి. వెంటనే పోలీసు స్టేషనుకు వెళ్ళి ఫిర్యాదు ఇవ్వాలి. ఆలస్యమైంది గదా అంటారు. మనిషి మంచం మీద మూలుగుతుంటే ఇంటివాళ్ళు ముందు వైద్యం చూసుకుంటారు గాని స్టేషనుకు పరుగెత్తరని, ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రాన నష్టపరిహారం కేసు కొట్టెయ్యకూడదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చునని 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త క్రిమినల్ ప్రొసీజరు చట్టంలో స్పష్టంగా వుంది.

ఇంకొక చిన్న మాట. వంకరపోయిన సైకిలును పాత ఇనుప సామానువాడికి వెయ్యకండి. బాగుచేయించనూ వద్దు. ముందు ఫొటోలు తీయించి, సైకిలును పెరట్లో ఒక మూల పెట్టండి. వెనక చక్రం నలిగి వుంటే, దెబ్బ వెనకనించి తగిలిందని అదే సాక్ష్యం చెబుతుంది. కోర్టులో మాట మార్చని సాక్షి అదొక్కటే! మందుల బిల్లులు, ఎక్స్‌రేలు, ఆటో కిరాయిలు, జీతం కోత పడిన నెలల కాగితాలు అన్నీ ఒక సంచిలో వెయ్యండి.

ఇక ఇరవై వేల లెక్క చూద్దాం. విరిగిన కాలు అతుక్కుని మనిషి పనిలోకి వెళ్ళడానికి నాలుగు నెలలు పట్టిందనుకోండి. పోయిన జీతమే అరవై వేలు. వైద్యం ఖర్చు, కనిపెట్టుకున్న మనిషి ఖర్చు, ప్రయాణాలు, పుష్టికరమైన ఆహారం, పడిన బాధ, ఇవన్నీ వేరు. కాలు పూర్తిగా స్వాధీనం కాకపోతే దానివల్ల సంపాదన ఎంత తగ్గుతుందో కూడా లెక్క కడతారు. ఒకే కుంటుతనం కుర్చీలో కూచునేవాడికి ఒక నష్టం, వీధివీధి తిరిగి పాలు పోసేవాడికి మరొక నష్టం. ఆ తేడా చూడాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది.

ఆయన ప్రాణమే పోయి వుంటే? అనకూడని మాటే గాని తెలుసుకోవాలి. ఏడాది జీతం 1,80,000. నలభై ఏళ్ళలోపు ప్రయివేటు నౌకరు గనుక ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 2,52,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడి వుంటే ఆయన సొంత ఖర్చు కింద నాలుగోవంతు తీసేస్తే 1,89,000. ఆ వయసుకు సుప్రీంకోర్టు పెట్టిన గుణకం 15. మొత్తం 28,35,000 రూపాయలు. ఇల్లాలు పోయినా, ఆమె జీతం తెచ్చేది కాదు గదా అని సున్నా వెయ్యడానికి లేదు. ఇంటిచాకిరీకి విలువ కట్టి తీరాలని 2021లో కూడా సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

ఈ దరఖాస్తు మోటారు ప్రమాదాల ట్రిబ్యునలులో వెయ్యాలి. ప్రమాదం జరిగిన ఊళ్ళోనే వెయ్యాలని లేదు. మీరు కాపురముండే చోటకూడా వెయ్యవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. గడువు దాటిందని దరఖాస్తులు కొట్టెయ్యవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చిన మాట నిజమే. దాన్ని నమ్ముకుని కూచోవద్దు. డ్రైవరు మీద నడిచే క్రిమినల్ కేసు వేరు, ఈ పరిహారం వేరు. రెండూ వేటి దారిన అవి నడుస్తాయి. తప్పు ఎవరిదని విచారించకుండా, పెద్ద గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి అయిదు లక్షలు పుచ్చుకునే దారి ఇంకొకటి వుంది. త్వరగా తేలుతుంది గాని, అది పుచ్చుకుంటే పెద్ద దరఖాస్తు చెల్లకుండా పోతుంది. తొందరపడి ఒప్పుకునే ముందు లెక్క వేసుకోండి.

కొట్టినవాడు ఆగకుండా పోయి, నంబరే తెలియకపోతే? అప్పుడూ దిక్కుంది. మరణానికి రెండు లక్షలు, పెద్ద గాయానికి యాభై వేలు ప్రభుత్వ నిధి నుంచి ఇస్తారు. దరఖాస్తు ఆర్డీవో ఆఫీసులోగాని, తహసీల్దారు దగ్గరగాని ఇవ్వాలి.

వకీలు ఖర్చుకు భయపడవద్దు. ఆసుపత్రి గేటు దగ్గరే తగులుకుని, "వచ్చినదాంట్లో మూడోవంతు మాకు" అనే మనుషుల చేతిలో పడవద్దు. వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోవడం వకీళ్ళ నియమాలకే విరుద్ధం. ప్రతి జిల్లా కోర్టులోను న్యాయసేవాధికార సంస్థ వుంది. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితి వుంది. 15100 నంబరుకు ఫోను చేస్తే చాలు.

ఇదంతా దెబ్బ తగిలిన తర్వాతి మాట. తగలకుండా చూసే పూచీ ఎవరిది? హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి, పైన సూర్యరశ్మితో కరెంటు చేసే పలకల నీడతో, 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. సంతోషమే. పొద్దున్నే వ్యాయామానికి వచ్చేవారికి అది వరం. కాని పాలబ్బాయి, వాచ్‌మను, కొట్టు గుమాస్తా తొక్కేది ఊరి మధ్య రోడ్డు మీద. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చింది. సైకిలు ఇచ్చారు సరే, ఆ పిల్ల భద్రంగా బడికి పోవడానికి రోడ్డు అంచున నాలుగడుగులు ఎవరిస్తారు? సైకిలు దారి అని ప్రత్యేకించిన చోట మోటారు బండి పోకూడదని నిబంధన వుంది. రంగు గీత గీసి వదిలేస్తే సాయంత్రానికి దానిమీద కార్లు నిలుస్తాయి, బజ్జీల బండి వెలుస్తుంది. అప్పుడు సైకిలువాడు దాన్ని తప్పించుకుంటూ లారీల మధ్యకు రావాలి. గీత లేని రోడ్డుకన్నా అది ప్రమాదం. గీతకు గట్టు కావాలి, గట్టుకు కాపలా కావాలి.

నడిచేవారికీ, సైకిళ్ళకూ నియమాలు చేసే అధికారం 2019 సవరణలో రాష్ట్రాలకు ఇచ్చారు. ఆ నియమాలు ఆరు నెలల్లో చెయ్యమని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. రోడ్డు నిర్మాణంలో ప్రమాణాలు పాటించక మనిషి చనిపోయినా వికలాంగుడైనా, కట్టినవారికి, చూసుకోవలసినవారికి లక్ష రూపాయలదాకా జరిమానా కూడా చట్టంలో వుంది. మీ వార్డు సభ్యుడు వోటుకు వచ్చినప్పుడు ఈ సంగతులు ఎత్తండి. అందరం సిమెంటు రోడ్డు అడుగుతాం. సైకిలుకు దారేదని అడిగినవారిని నేనింకా చూడలేదు.

హక్కుతోపాటు మన జాగ్రత్త కూడా వుంది. వెనక ఎర్ర అద్దం, ముందు దీపం, పనిచేసే బ్రేకులు. ఎదురు దిశలో తొక్కకూడదు. ఇవి ప్రాణానికీ మంచివి, కేసుకూ మంచివి. సైకిలువాడి తప్పు కొంత వుందని తేలితే అంతమేరకు పరిహారం కోస్తారు. మామూలు సైకిలుకు హెల్మెట్టు పెట్టుకోవాలని మోటారు చట్టం చెప్పలేదు. అయినా పిల్లలకు కొనివ్వండి. తల మనది.

తల్లులకు ఒక్క మనవి. ఇంట్లో సైకిలు తొక్కే ప్రతి ఒక్కరి జేబులోనూ పేరు, ఇంటి ఫోను నంబరు, రక్తం గ్రూపు రాసిన కాగితం వుండేటట్టు చూడండి. ప్రమాదం జరిగితే 112కో 108కో ఫోను చెయ్యాలనీ, బండి నంబరు చూడాలనీ, ఆసుపత్రిలో నిజమే చెప్పాలనీ, తెల్లకాగితం మీదగాని స్టాంపు కాగితం మీదగాని సంతకం పెట్టవద్దనీ ఇంటిల్లిపాదికీ ఒకసారి భోజనాల దగ్గర చెప్పండి. అయిదు నిమిషాల మాట. చెప్పిన మాట అవసరం పడకపోతే అంతకన్న కావలసిందేముంది?