రాత్రివేళ ఆస్పత్రికి నిప్పంటినచో

2011 డిసెంబరు 9వ తేదీ తెల్లవారకముందే కలకత్తా నగరమున ఢాకురియా ప్రాంతమందలి యొక పెద్ద ఆస్పత్రి పొగతో నిండిపోయెను. సుమారు తొంబదిమంది ప్రాణములు గోల్పోయిరి. 2020 ఆగస్టు 6వ తేదీ వేకువజామున అహమ్మదాబాదులో ఎనమండుగురు రోగులు మరణించిరి. తరువాత మూడు దినములకే, ఆగస్టు 9న, మన విజయవాడలో కోవిడు రోగులకై చికిత్సాకేంద్రముగా మార్చబడిన యొక హోటలులో పదిమంది చనిపోయిరి. 2021 జనవరి 9న మహారాష్ట్రమందు భండారా జిల్లా ఆస్పత్రిలో పదిమంది పసికందులు. ఆ యేటనే ఏప్రిలు 23న విరారులో, మే 1న భరూచిలో. 2024 మే 25న ఢిల్లీ వివేక్ విహారులో, నవంబరు 15న ఝాన్సీలో మఱల పసికందులే. ఈ పట్టిక సంపూర్ణము కాదు. దీనిని పెంచుటకు మాకు మనసొప్పలేదు.

పాఠకులు పై తేదీలనే కాక గడియలను గూడ విచారించినచో నొక సంగతి తెల్లమగును. ఇందేదియు పట్టపగలు జరిగినది కాదు. కొన్ని రాత్రి పదిగంటలు దాటినపిమ్మట, పెక్కులు నడిరేయికిని తెల్లవారుటకును నడుమ జరిగినవి. నిప్పునకు రాత్రియని పగలని భేదము లేదు. భేదమున్నది మనుష్యులలో. పగటివేళ ఆస్పత్రిలో పెద్దడాక్టరుగారుందురు, మేనేజరుందును, ఎలక్ట్రీషియనుండును, వరండాలలో వందలకొలది జనము దిరుగుచుందురు. పొగ లేచినచో నది పదిమంది కంటబడును. రాత్రియో, వార్డున కొక నర్సు, మిక్కిలి యైన నిద్దఱు, అంతస్తున కొక ఆయా, క్రింద డ్యూటీ డాక్టరొకరు, వాకిట వాచ్‌మను. ఏసీ యంత్రములును, వెంటిలేటరులును, శిశువులను వెచ్చగా నుంచు పరికరములును మాత్రము పగటివలెనే విరామము లేక నడచుచుండును. యంత్రములకు సెలవు లేదు, చూచువారికి నిద్ర.

అయినను మన యాస్పత్రులలో అగ్నిప్రమాద శిక్షణము జరుగునది పగలు పదునొకండు గంటలకు. 1944 ఏప్రిలు 14న బొంబాయి రేవులో ఫోర్టు స్టికీను అను నావ ప్రేలినప్పుడు ప్రాణములర్పించిన అగ్నిమాపకదళమువారి స్మృత్యర్థమై యేటేట ఆ దినమునుండి వారోత్సవములు జరుపుట ఆచారమైనది. ఆ వారములో నొకనాడు ఆస్పత్రి ప్రాంగణమున నొక డబ్బాలో పెట్రోలు పోసి వెలిగింతురు; అగ్నిమాపకశాఖవారు వచ్చి పొడి చల్లి యార్పుదురు; చూచువారు చప్పట్లు చఱతురు; ఫొటోలు దీయుదురు. వేడుక బాగుగనే యుండును. కాని రాత్రి డ్యూటీ దిగిన నర్సు ఆవేళ ఇంటిలో నిద్రించుచుండును. ఎవరికి నేర్పవలెనో వారు తప్ప తక్కినవారందఱు నేర్చుకొందురు!

నిప్పు కనబడినంతనే చేయవలసిన మొదటిపని యేది? ఆర్పుట కాదు. కేక వేయుట, 101కు గాని 112కు గాని ఫోను చేయుట. ఇది పసివానికిని దెలిసినట్లే తోచును. కాని కలకత్తాలో నేమి జరిగెను? పొగ వచ్చుట జూచి ప్రక్క బస్తీలోని బీదజనులు సాయమునకు పరుగెత్తిరాగా, కావలివారు భయమేమియు లేదని వారిని వెనుకకు బంపిరని నాటి పత్రికలు వ్రాసినవి. అగ్నిమాపకదళమునకు కబురందుటలో జాప్యము జరిగినదనియు నారోపణము వచ్చినది. క్రింది నేలమాళిగలో నిలువజేసిన వస్తువుల నంటిన నిప్పు తానక్కడనే యుండగా, దాని పొగ ఏసీ గొట్టములవెంట పై యంతస్తుల కెక్కెను. చనిపోయినవారిలో పెక్కుమంది మంటను జూడనే లేదు. పొగకు మెట్లక్కఱలేదు, అనుమతి యక్కఱలేదు. కబురు పంపుటకు మాత్రము మనము అనుమతి కోరుదుము.

ఈ విషయమున కావలివానినో ఆయానో నిందించుట సులువు. వాని స్థితి నాలోచింపుడు. కాంట్రాక్టు జీతగాడు, రేపటి యుద్యోగము రేపటికే. రాత్రి మూడుగంటలకు కాలుచున్న వాసన తగిలిన, 'మేనేజరుగారిని లేపవలెనా? వట్టిదే యైన తిట్లు దినవలెనా? ఫైరింజను గంటకొట్టుకొనుచు వచ్చిన ఆస్పత్రిపేరు చెడినదందురా?' అని యిన్ని ప్రశ్నలు వాని మెడపై కూర్చుండును. ఆ వెనుకాడిన పది నిమిషములలో వార్డు నిండా పొగ నిండును. కావున మేము కోరునది యిది: ప్రతి యాస్పత్రి సూపరింటెండెంటును తన సంతకముతో నొక యుత్తరువు వ్రాసి ప్రతి యంతస్తున గోడకు దగిలింపవలెను. పొగగాని మంటగాని మొదట జూచినవారు, వారు ఊడ్చు పనివారైనను సరే, ఎవరిని అడుగక 101కు ఫోను చేయవచ్చుననియు, ఆ కబురు వట్టిదైనను వారిపై చర్య యుండదనియు అందు స్పష్టముగా నుండవలెను. దీనికి బడ్జెటు అక్కఱలేదు. ఒక కాగితము చాలును.

పిదప రోగుల మాట. నిప్పంటిన గదిలోని వారిని మొదట వెలికి దీయవలెను. వెలికి దీసినంతనే ఆ గది తలుపు మూయవలెను. మూసిన తలుపు పొగను నిలువరించి మనకు కొంత వ్యవధి నిచ్చును. తెఱచి పరుగెత్తినచో ఆ వ్యవధియు పోవును. తరువాత అందఱిని మెట్లవెంట క్రిందికి దింపవలెనని యాత్రపడరాదు. కదలలేనివారిని మొదట అదే యంతస్తున మంటకు దూరముగా, నడుమ తలుపు గల మఱియొక భాగమునకు జరుపుట మేలు. అచటినుండి అవసరమైనచో దింపవచ్చును. లిఫ్టు నెక్కరాదు. నడువగలవారి నొకరి వెనుక నొకరిగా నొకరు నడిపింపవలెను. లేవలేనివానిని ఎత్తుకొనుటకు నలుగురు లేకున్న, పరుపునో దుప్పటినో నేలకు దింపి, దానితోనే యీడ్చుకొనిపోవచ్చును. ఒక్క నర్సు ఒక్క రోగిని అట్లు దాటింపగలదు. చేసి చూచినవారికి తప్ప ఇది నమ్మశక్యము గాదు. కనుకనే ముందుగా చేసి చూడుమనుచున్నాము. పొగలో నిలువున నడువక, నేలకు వంగి పోవలెను. తడిగుడ్డ మసిని కొంత యాపును గాని విషవాయువును ఆపదు. దానిని నమ్మి పొగలో నాలస్యము చేయరాదు.

ప్రాణవాయువు సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మనము పీల్చు గాలిలో నది నూటికి 21 వంతులు. ఐసీయూలో గొట్టములనుండి, ముసుగులనుండి వెలువడి పక్కలలో దుప్పట్లలో నది యెక్కువగుకొలదియు, చిన్న నిప్పురవ్వ పెనుమంట యగును. సామాన్యముగా మెల్లగ గాలు వస్తువును భగ్గుమని మండును. కావున ప్రతి వార్డునకును ప్రాణవాయువును గట్టివేయు వాల్వు ఎచటనున్నదో అచటి నర్సునకు కన్నులు మూసికొనియైనను దెలియవలెను. కాని వాల్వు మూసినచో మంటతోపాటు రోగికిని ఊపిరి యాగును గదా! దానిని మూయుమను నధికారము ఎవరిది? మూయుటకు ముందు ఎవరెవరికి చేతితో నొక్కెడి ఆంబుసంచి అందవలెను? ఈ ప్రశ్నకు ముందే పేరు పెట్టి జవాబు వ్రాసికొనని యాస్పత్రి, ఆ రాత్రి ఆ భారమును ఇరువదియేండ్ల పిల్లపై వేసినదన్నమాట.

మంటల నార్పు ఎఱ్ఱని సిలిండరును గూర్చి స్వల్పముగా చెప్పిన చాలును. దాని పిన్ను లాగి, మూతిని మంట మొదటికి గురిచేసి, నొక్కి, అటునిటు విసరవలెను. చిన్నసిలిండరు అర నిమిషమైనను నిలువదు. చెత్తబుట్టంత మంటకే గాని గదియంత మంటకు గాదు. కరెంటు మంటపై నీరు పోయరాదు. వెనుక తప్పించుకొను దారి లేక మంట కెదురు నిలువరాదు.

కలకత్తాలో కేరళదేశమునుండి వచ్చిన యిద్దఱు యువనర్సులు తమ వార్డులోని ఎనమండుగురు స్త్రీలను దాటించి, తొమ్మిదవ యామెకై లోపలికి బోయి తిరిగి రాలేదు. భరూచిలో పదునాఱుగురు రోగులతోపాటు ఇద్దఱు నర్సులు మరణించిరి. వారికి మనము చేయు నమస్కారములో కొంత సిగ్గును గలిసియుండవలెను. వారి ధైర్యమును పొగడుట తేలిక. ఆ ధైర్యమునకు దోడుగా తెఱచియున్న తలుపును, నేర్పిన చేతులను, చెప్పినంతనే వచ్చు సాయమును మన మీయలేకపోతిమి.

ఆస్పత్రి యజమానులు చెప్పు నభ్యంతరములు మాకు దెలియనివి కావు. అర్ధరాత్రి అభ్యాసము చేసిన రోగులు బెదరుదురందురు, సిబ్బంది చాలదందురు. రోగులను కదల్పనక్కఱలేదు. ఖాళీమంచముపై బియ్యపుమూట నుంచి, నెలకొక వార్డున, రాత్రి రెండుగంటలకు, పదినిమిషములు చేసిన చాలును. క్రొత్తగా చేరినవాడు పని కెక్కిన మొదటి రాత్రియే తన వార్డునుండి రెండు దారులలోను బయటికి నడిచి రావలెను. అట్లు నడిచినప్పుడే ఒక దారి పాతమంచములతో నిండియున్నదనియు, రెండవదానికి తాళము వేసియున్నదనియు బయటపడును! రోగుల బంధువులు దొంగతనముగా వత్తురని తాళము వేయుదురు. ఆ తాళపుచెవి రాత్రివేళ ఎవరి జేబులోనుండునో ఎవరికిని దెలియదు.

బంధువులమాట వచ్చినది గనుక నొకటి చెప్పుదుము. మనదేశమున ప్రతి రోగి ప్రక్కనను ఒకరో యిద్దఱో మంచముక్రిందనో వరండాలోనో పండుకొనియుందురు. ఆస్పత్రివారు వారిని పీడగా భావింతురు. వారిలో కొందఱు ప్రాణవాయువు ప్రక్కనే అగరువత్తి వెలిగింతురనుటయు అబద్ధము గాదు. దానిని కఠినముగా మాన్పవలెను. కాని ఆ రాత్రివేళ వార్డులో నున్న బలమైన చేతులు వారివే. రోగిని చేర్చుకొనునాడే వారిని తోడ్కొనిపోయి, 'నిప్పని కేకవినబడిన ఈ తలుపున, ఈ దుప్పటితో' అని చూపుట కెంతసేపు?

2020 నవంబరులో రాజకోటలో జరిగిన ప్రమాదము పిమ్మట, ఆ డిసెంబరు 18న సుప్రీముకోర్టువారు కోవిడు ఆస్పత్రులను నెలకొకమారైనను అగ్నిభద్రతకై తనిఖీ చేయవలెనని యుత్తరువిచ్చిరి. కోవిడు వెనుకబట్టినది, వైర్లును, ప్రాణవాయువును, తాళములును వెనుకబట్టలేదు. తనిఖీ యనునది ఒకనాటి రోగమునకు సంబంధించినది గాక ప్రతి యాస్పత్రికిని వర్తింపవలెను.

ఈ పత్రికను పఠనమందిరములలో చదువువారిలో పురపాలకసభ్యులున్నారు, ఆస్పత్రి సలహాసంఘములలో నున్నవారున్నారు. వారు తమ యూరి యాస్పత్రికి బోయి, వాకిట వాచ్‌మనును పొగ కనబడిన ఎవరికి ఫోను చేయుదువని యడుగవలెను. మేడమీది నర్సును వాల్వు చూపుమనవలెను. వెనుక మెట్ల తలుపును తమచేతితో తెఱచి చూడవలెను. పోవునది మాత్రము పగలు గాక, రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట, ముందుగా కబురు చేయక పోవలెను.