పడవ కవరూ, మా బాపు చేతకూ

ఇంజనీరింగులో నా రూమ్మేట్ ఒకడు ఇప్పుడు అమెరికాలో, మిషిగన్ లో ఉంటున్నాడు. మొన్న ఎండాకాలం పద్నాలుగు అడుగుల చిన్న తెరచాప పడవ ఒకటి సెకండ్ హ్యాండ్ లో కొన్నాడు. అక్కడ చలికాలం సరస్సులు గడ్డ కడతాయి కాబట్టి పడవని ట్రైలర్ మీదకెక్కించి, ఇంటి వెనకాల పెట్టి, వసంతం వచ్చేదాకా కవర్ కప్పి ఉంచాలట. "ఏ కవర్ కొనమంటావురా?" అని ఫోన్ చేశాడు.

గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాణ్ణి. గోదారి పక్కనే ఉన్నా నేనెక్కిన పడవలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నన్నడగడమేంటని నవ్వొచ్చింది. కానీ వాడు పంపిన ఫొటోల్లో కవర్లన్నిటి మీదా ఒకటే మాట: వంద శాతం వాటర్ ప్రూఫ్. ఆ మాట నాకు బాగా తెలుసు. దాన్ని నమ్మే నేను మా బాపు చేతక్ ని పాడు చేశాను :(

మా బాపు సింగరేణిలో అండర్ గ్రౌండ్ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఫస్ట్ షిఫ్టుకైనా, రాత్రి షిఫ్టుకైనా ఆ బజాజ్ చేతక్ మీదే బాయికి పోయేవాడు. మా ఊళ్ళో దుమ్ము సంగతి తెలిసిందే. పొద్దున ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి తెల్లగా ఉండదు. అందుకని ఓ దీపావళికి మందపాటి ప్లాస్టిక్ కవర్ కొని, బండికి బిగించి, తాళ్ళు కట్టి మరీ హైదరాబాదు వచ్చేశాను. సంక్రాంతికి వెళ్ళి విప్పితే లోపల సీటు నిండా బూజు. ఫ్లోర్ మీద, మడ్ గార్డ్ అంచుల్లో తుప్పు. అసలు ఆ రెండు నెలల్లో వానే పడలేదు! మరి నీళ్ళెక్కణ్ణుంచి వచ్చాయి?

కింది నుంచే వచ్చాయి. నేలలో ఉన్న తేమ పగటి ఎండకి ఆవిరై పైకి లేస్తుంది. ప్లాస్టిక్ దాన్ని బయటికి పోనివ్వదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇనుప రేకు, కవరు రెండూ చల్లబడతాయి. దాంతో లోపలి ఆవిరి మళ్ళీ నీటిబొట్లుగా మారి బండి మీదే పడుతుంది. అంటే బయటి నీళ్ళని ఆపిన కవరే లోపలి నీళ్ళని దాచిపెట్టిందన్నమాట. పైగా బండి తుడవకుండా కప్పానేమో, గాలికి కవర్ కదిలినప్పుడల్లా మధ్యలో ఉన్న బొగ్గు దుమ్ము శాండ్ పేపర్ లా పెయింటుని గీకేసింది.

బాపు తిట్టలేదు. "కొడుకా, బాయిలైనా గంతే, బండికైనా గంతే. గాలి వచ్చే తొవ్వ ఒకటి, పోయే తొవ్వ ఒకటి ఉండాలె" అన్నాడు. భూగర్భ గనికి కనీసం రెండు దారులు ఉండాలని చట్టమే చెబుతుంది. ఒక దారిన మంచి గాలి లోపలికి పోతే, ఇంకో దారిన పైనున్న పెద్ద ఫ్యాన్ చెడు గాలిని లాగేస్తుంది. జీవితమంతా ఆ గాలి మీద బతికినాయనకి నేను వాటర్ ప్రూఫ్ గొప్పలు చెప్పానన్నమాట. తర్వాత ఆయనే రెండు గుంజలు పాతి, పైన వెదురు బొంగు కట్టి, దాని మీద పాత టార్పాలిన్ వేశాడు. అది బండికి ఎక్కడా తగలదు. రెండు వైపులా తెరిచే ఉంటుంది. దుమ్ము కొంచెం పడుతుంది, తుడుచుకుంటే పోతుంది. తుప్పు తుడిస్తే పోదు కదా.

ఇక పడవ సంగతి. నా ఉద్దేశంలో గుడ్డ కంటే ముందు చూడాల్సింది దాని కిందుండే చట్రం. పడవ మీద పరుపులా పరిస్తే ఎంత ఖరీదైన కవరైనా మధ్యలో గుంట పడి, నీళ్ళూ మంచూ నిలిచి, ఆ బరువుకి చిరుగుతుంది. పడవకి తెరచాప కొయ్య ఎలాగూ ఉంది. దాన్ని దించి, ముందు నుంచి వెనక్కి ఎత్తుగా పడుకోబెడితే అదే ఇంటి దూలం. రెండు పక్కలా బాగా వాలుంటే మంచు జారిపోతుంది. ముందూ వెనకా గాలికి సందులు వదలాలి. అడుగున నీళ్ళు పోయే బిరడా తీసేసి, ముందు భాగం కాస్త ఎత్తి పెట్టాలి.

ఆ తర్వాతే గుడ్డ. నీలం రంగు చవక టార్పాలిన్ ఎండకి త్వరగా పిగిలిపోతుంది, గాలికి కొట్టుకుని పడవ నునుపుని పాడుచేస్తుంది. వేడిచేసి బిగించే ప్లాస్టిక్ చుట్ట ఒక్క చలికాలానికే, దానికీ గాలి రంధ్రాలు పెట్టాల్సిందే. గాలాడే కాన్వాస్ లాంటి గుడ్డకి డబ్బులెక్కువ, కానీ ఏళ్ళ తరబడి వస్తుంది. డబ్బులుంటే అదే కొను, లేకపోతే మంచి చట్రం మీద చవక టార్పాలిన్ నయం, చట్రం లేని ఖరీదైన కవర్ మాత్రం వద్దు అన్నాను.

"నీకు పడవల గురించి ఇంత ఎట్లా తెలుసురా?" అన్నాడు. నాకు తెలియదు, మా బాపుకి గాలి గురించి తెలుసు అన్నాను.

చేతక్ ఇంకా నడుస్తోంది. కానీ ఫ్లోర్ మీద ఆ తుప్పు మచ్చ అలాగే ఉంది. పెయింట్ వేయిస్తానంటే బాపు ఒప్పుకోడు. "ఉండనియ్, నీకు యాదుంటది" అంటాడు.