మోసపోయిన ఆమె వినియోగదారు కాదా?

చిట్టీ మునిగిందనో, డిపాజిట్ల కంపెనీ బోర్డు తిప్పేసిందనో విన్నప్పుడు దాన్ని హక్కుల సమస్యగా చూడటం మన సంఘాల్లో తక్కువ. వరకట్నం మీద, కూలిరేట్ల మీద కదిలినంత త్వరగా దీని మీద కదలం. 'ఆశపడి పెట్టింది, పోగొట్టుకుంది' అనే మాట మనలోనూ వినిపిస్తుంది. ఆ మాటతోనే నాకు పేచీ.

నిజామాబాద్ బీడీ కార్మికుల వాడల్లో, బోధన్ చుట్టుపక్కల చెరకు ఊళ్లలో స్త్రీలు డబ్బు కూడబెట్టేది ఆశతో కన్నా భయంతో. శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఇంటికొచ్చే జీతం ఏ రోజు ఆగిపోతుందో తెలియని చోట స్త్రీ తన చేతి కింద నాలుగు పైసలు దాచుకోవాలనుకుంటుంది. బ్యాంకుకు పోతే ఒక పూట బీడీలు పోతాయి. ఏజెంటయితే గడపలోకే వస్తుంది. ఆమె చాలాసార్లు పక్కింటి వదినే. డబ్బు కట్టేవాళ్ల నమ్మకం కంపెనీ మీద కాదు, ఆమె మీద. కంపెనీ వాడుకున్నదీ ఆ నమ్మకాన్నే. అది మునిగాక యజమానులు కనిపించరు, వాకిట్లో నిలబెట్టి అడిగేది ఆమెనే. 'నా పైసలు గూడ అండ్లనే పోయినయ్ అక్కా' అంటే వినేవాళ్లుండరు.

అగ్రిగోల్డ్ సంగతే చూడండి. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ సుమారు 32 లక్షల మంది నుంచి 6,380 కోట్ల రూపాయల దాకా వసూలు చేసింది. తెలంగాణలో ఖాతాదారులూ ఏజెంట్లూ ఒకరినొకరు తిట్టుకుంటూ కూర్చోకుండా ఒకే సంఘంగా హైకోర్టుకు వెళ్లారు. నాకు ఇది ముఖ్యమైన విషయంగా కనిపిస్తుంది. 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు కట్టిన వారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొంత చెల్లించింది, అది కూడా తన రాష్ట్రం వారికే.

ఏ తలుపు తట్టాలన్నది డబ్బు ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. దుకాణం, బీమా కంపెనీ, రిజిస్టరయిన చిట్‌ఫండ్ వంటివి ఇంకా నడుస్తుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ పనికొస్తుంది. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. బోధన్ స్త్రీ నిజామాబాద్ దాటి పోనక్కర్లేదు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. కంపెనీ కుప్పకూలితే మాత్రం కమిషన్ ఉత్తర్వు ఉత్త కాగితమే అవుతుంది. అప్పుడు ఆస్తులు జప్తు చేయించే 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కింద పోలీసు ఫిర్యాదే దారి. ఆ దారి ఎంత పొడవో అగ్రిగోల్డ్ బాధితులను అడగాలి.

కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు. 'వచ్చే నెల ఇస్తాం' అనే మాటలతో అది కాస్తా కరిగిపోతుంది. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోలేం.

కాగితాల దగ్గర ఇంకో చిక్కు. డబ్బు ఆమెది, పాస్‌బుక్ భర్త పేరున. 'నన్నడగకుండ ఎందుకు కట్టినవ్' అనే మాటకు భయపడి చాలామంది ఫిర్యాదుకే రారు. వినియోగదారు అంటే డబ్బు కట్టిన మనిషే కాదు, ఆ మనిషి సమ్మతితో సేవను పొందే వ్యక్తి కూడా అని చట్టం అంటుంది. ఈ నిర్వచనాన్ని మనం స్త్రీల వైపు నుంచి గట్టిగా వాదించాలి.

అసలు ఒంటరిగా ఎందుకు వెళ్లాలి? ఒకే రకంగా నష్టపోయిన వాళ్లంతా కమిషన్ అనుమతితో ఒకే ఫిర్యాదు వేయవచ్చు. రిజిస్టరయిన స్వచ్ఛంద వినియోగదారుల సంఘం కూడా వేయవచ్చు, బాధితురాలు అందులో సభ్యురాలు కాకపోయినా సరే. మన సంఘాల్లో ఎన్నింటి నియమావళిలో వినియోగదారుల రక్షణ అన్న మాట ఉంది? వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ ఒక్క వాక్యం చేర్చే తీర్మానం పెట్టమని అడుగుతున్నాను. ఆ తర్వాత ఫిర్యాదుల జాబితా రాసేటప్పుడు పక్కింటి ఏజెంటు వదిన పేరు నిందితుల్లో రాస్తారా, బాధితుల్లో రాస్తారా అన్నది కూడా అక్కడే, ఆమె సమక్షంలోనే, మాట్లాడుకోవాలి.